గుచ్చుకునే దారం

రూసే,
మార్చి పదిహేడు

అమ్మకు,

నీ కూతురు దాన నమస్కారాలు. ఇక్కడ నేనూ, కింది ఇంట్లో పెన్కా పిన్నీ, ఆవిడ పిల్లీ బాగున్నాం. పరాయి దేశంలో, ఆ బెర్గామోలో నువ్వూ, నువ్వు చూసుకుంటున్న పెద్దావిడా బాగున్నారని తలుస్తాను. ఒంట్లో బాగానే ఉందమ్మా, మనసే ఒకచోట కూర్చోవడం లేదు. ఈ ఉత్తరం మొదలుపెట్టాక రెండుసార్లు లేచి కుళాయి బిగించి వచ్చాను. అది కారుతోంది. కారడం లేదని పెన్కా పిన్ని అంటుంది.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. తింటున్నాను. చిక్కుడు గింజల పులుసు, నిన్నా అదే, ఇవాళా అదే. నవ్వకు, నువ్వూ అంతే కదా. బూట్లు బాగు చేయించాను. ఫోన్ ఎందుకు ఎత్తవని అడిగావు. ఎత్తితే మాత్రం ఏం జరుగుతుంది? ఇద్దరం ఒకేసారి మాట్లాడతాం, ఒకేసారి ఆగిపోతాం, తరవాత ఎవరి వంతో ఇద్దరికీ తెలియదు. ఉత్తరాల్లోనే మనం బాగా మాట్లాడుకుంటాం.

ఉద్యోగం ఖాయమైందా, అయితే అక్కడి పని మానేసి మే నెలలో వచ్చేస్తానన్నావు. దాని సంగతి చెబుతాను, కాస్త ఓపిక పట్టు.

కళ్లజోళ్ల షాపు వెనక గదిలో అద్దాలు అరగదీసే పని నాకు ఎంత నచ్చిందో నీకు తెలుసు. చక్రం తిరుగుతుంది, దాని మీద నీళ్లు పడతాయి, పొద్దస్తమానం ఒకటే చప్పుడు. ఆ చప్పుడు నన్నేమీ అడగదు. జనవరిలో కామెలియా మేడమ్ ఆ గది గోడ కొట్టించేసింది. "ఇప్పుడు అంతా ఒకటే గది, మనమంతా ఒకటే కుటుంబం" అంది. కుటుంబానికి రేడియో కావాలి కాబట్టి రేడియో వచ్చింది. తలుపుకి గంట వచ్చింది. నెత్తిన తెల్ల లైట్లు వచ్చాయి. వచ్చినవాళ్లందరి కళ్లలోకీ చూసి నేను నవ్వాలని రూలు కూడా వచ్చింది. నేను నవ్వాను. ఎంత నవ్వాలో తెలియక ఎక్కువ నవ్వాను. ఒకాయన భయపడి కళ్లజోడు తీసుకోకుండానే వెళ్లిపోయాడు.

"నవ్వమంటే పళ్లన్నీ బయట పెట్టమని కాదే తల్లీ" అంది గింకా అక్క. ఊలు మిల్లులో నీ పక్కన పనిచేసిన గింకాయే. నన్ను ఆ షాపులో పెట్టించింది ఆవిడే కాబట్టి నా నవ్వుకు పూచీ తనదే అనుకుంటుంది. చలికాలంలో ఆవిడకి కడుపు ఆపరేషన్ అయింది. ఇప్పుడు తేరుకుంది.

మార్చి ఒకటిన షాపులో అందరూ ఒకరికొకరు మార్తెనిత్సలు కట్టుకున్నారు. ఏడాదంతా చల్లగా ఉండమని నా చేతికీ కట్టారు. ఎర్రదీ తెల్లదీ పేనిన దారాలే, పైగా అందరివీ ఊలు. వాటి కింద నువ్వు పంపింది అప్పటికే ఉంది. మధ్యాహ్నానికి మణికట్టు మండిపోతోంది. రేడియో మోగుతోంది, గంట మోగుతోంది, ఒక పాప ఏడుస్తోంది, మేడమ్ ఏదో అడుగుతోంది, ఆ మాటలన్నీ నాకు దారాల్లోంచే లోపలికి దిగుతున్నట్టుంది. కత్తెర పట్టుకుని బాత్రూంలోకి వెళ్లి అన్నీ కత్తిరించి చెత్తబుట్టలో వేశాను. అప్పుడు ఊపిరి ఆడింది. నీది ఒక్కటీ ఉంచాను. అది నొప్పి పెట్టలేదు, అందుకని ఉంచాను. చూసేవాళ్లకి ఎలా ఉంటుందన్నది నాకు తట్టలేదు. నాకు అది ఎప్పుడూ తరవాతే తడుతుంది.

బుట్టలో తన దారాన్ని గింకా అక్కే చూసింది.

"ఆసుపత్రి మంచం మీద కూర్చుని అల్లానే అది! వసంతం వచ్చి తొలి కొంగ కనబడకుండా, చెట్టు పుయ్యకుండా ఎవరన్నా తీస్తారా? తియ్యడమే కాకుండా చెత్తలో పడేస్తావా?" ఆవిడ నా చెయ్యి పట్టుకుని పైకెత్తింది. "చూడండమ్మా, అందరివీ కోసేసి వాళ్లమ్మది మాత్రం ఉంచుకుంది. మేం చచ్చినా పర్లేదన్నమాట! అచ్చం మీ అమ్మవే నువ్వు. ఆవిడా అంతే, చెప్పాపెట్టకుండా మిల్లు మానేసి పోయింది. పొగరు!"

ఆ రోజు నుంచి గింకా అక్క నాతో మాట్లాడడం మానేసింది.

ఇక్కడ నీకు చెప్పనిది ఒకటి చెప్పాలి. డిసెంబరులో పన్ను నొప్పికి సోఫియా వెళ్లానన్నాను. పంటికి కాదమ్మా. ఒక డాక్టరమ్మని చూడడానికి వెళ్లాను. పెద్దవాళ్లని చూసే ఇలాంటి డాక్టరు మన ఊళ్లో నాకు దొరకలేదు. ఆవిడ చాలాసేపు అడిగి, చాలాసేపు విని, నాది ఆటిజం అంది. రోగం కాదట, పుట్టుకతోనే అంతట. బయటికొచ్చి ట్రాము కోసం నిలబడి ఏడ్చాను. బాధతో కాదు. ముప్పై ఆరేళ్లుగా నేను చెడ్డదాన్నని అనుకుంటున్నాను మరి.

మొన్న శుక్రవారం అందరం బానిత్స తింటున్నప్పుడు ఆ మాట బయట పెట్టేశాను. ఊలు ఎందుకు కత్తిరించానో చెప్పాలంటే అది చెప్పక తప్పలేదు. అందరూ నమలడం ఆపేశారు.

"ఆటిజమా? అది చిన్నపిల్లలకి కదా ఉండేది!" అంది మేడమ్. "నువ్వు మాట్లాడుతున్నావు, బస్సెక్కి వస్తున్నావు. నీకెక్కడుందే? ఉంటే ముందే చెప్పాలి కదా. చెప్పుంటే నిన్ను పెట్టుకునేదాన్నే కాదు."

"అందుకే చెప్పలేదు మేడమ్" అన్నాను. నిజమే చెప్పాను. ఆవిడ మొహం ఎర్రబడింది. ట్రయల్ గడువు ఎలాగూ ముగిసింది కాబట్టి సోమవారం నుంచి రానక్కర్లేదంది.

అదమ్మా, నీ ప్రశ్నకి జవాబు. ఉద్యోగం ఖాయం కాలేదు, పోయింది. నువ్వు మే నెలకి సూట్‌కేసు సర్దుకుంటున్నావని తెలిసి ఇది రాయడానికి చెయ్యి రాలేదు. నిన్న పొద్దున్నంతా డాన్యూబ్ ఒడ్డున నడిచాను. ఆ చివరి నుంచి ఈ చివరికి, మళ్లీ ఆ చివరికి. కూర్చుంటే కాళ్లు ఊరుకోవడం లేదు.

సాయంత్రం తలుపు చప్పుడైంది. గింకా అక్క.

"గుమ్మంలోనే నిలబెడతావా?" అంది. రమ్మన్నాను. కూర్చుంది. చాలాసేపు పెన్కా పిన్ని పిల్లిని తిట్టింది. తరవాత, "ఊలు పడదని నోరు తెరిచి చెప్పొచ్చు కదే! వేరే దారంతో అల్లేదాన్ని" అంది.

"అందరికీ గుచ్చుకుంటుందనుకున్నానక్కా. మీరంతా ఓర్చుకుంటున్నారు, నాకే ఓర్పు లేదు అనుకున్నాను."

గింకా అక్క చేతిసంచీ జిప్పు తెరిచి, ఏమీ తియ్యకుండానే మళ్లీ మూసింది. అప్పుడు, "స్టేషన్ దగ్గర నికిఫోర్ అని ఒక ముసలాడున్నాడు. అద్దాలు అరగదీయడానికి మనిషి కావాలట. వాడికీ నోరు పెగలదు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా హాయిగా పనిచేసుకోవచ్చు. బుధవారం వస్తుందని చెప్పాను" అంది.

ఆ బుధవారమే నన్ను కూర్చోనివ్వడం లేదమ్మా. ఆయనకి ముందే చెప్పనా? చెబితే అక్కడే తలుపు చూపిస్తాడేమో. చెప్పకపోతే రేపు ఎప్పుడో ఏదో ఒకటి కత్తిరిస్తాను, మళ్లీ పొగరంటారు. ఏది చేసినా తప్పే అనిపిస్తోంది. ఈ లోకంలో నాలాంటివాళ్లు ఎప్పుడు నోరు విప్పాలో ఎవరూ చెప్పరు. నాకు కోపంగా ఉంది.

వెళ్లబోతూ గింకా అక్క నా చేతికున్న నీ దారాన్ని వేళ్ల మధ్య నలిపి చూసింది. "ఇది ఊలు కాదే, కాటన్. మార్తెనిత్స ఊలుతోనే కదా చేసేది. మీ అమ్మకి తెలీదా?" అంది. అని, తనే ఆగిపోయింది. మెట్లు దిగి వెళ్లింది.

అప్పటి నుంచి నేను ఆ దారాన్నే చూస్తున్నాను. నా చిన్నప్పుడు నేను అడగకుండానే గౌన్ల వెనక లేబుళ్లన్నీ కత్తిరించేదానివి. పెళ్లిళ్లలో బ్యాండు మొదలవగానే వెళ్లి పెరట్లో నిలబడేదానివి, అందరూ నిన్ను గర్విష్ఠి అనేవారు. ఇప్పుడు దేశం కాని దేశంలో, మాట్లాడని పెద్దావిడ ఇంట్లో, నీకు బాగుందని రాస్తావు. ఇంట్లో ఇంకెవరైనా ఇలా ఉన్నారా అని డాక్టరమ్మ అడిగింది. తెలియదన్నాను.

ఉద్యోగం సంగతి పక్కన పెట్టి, మే నెలలో వచ్చెయ్యి. వచ్చేలోపు ఒక్కదానికి మాత్రం జవాబు రాయి. మిల్లు ఎందుకు మానేశావమ్మా? ఊలు నీకూ గుచ్చుకునేదా?

ఇట్లు,
కాటన్ దారం ఇంకా విప్పని
నీ కూతురు
దాన