నాన్నకు సరిపోయిన మాస్కు

చిరంజీవి జారెడ్‌ను అమ్మ దీవించి రాసేది. నేనూ, మన టిల్లీ కుక్కా క్షేమంగా ఉన్నాం. సముద్రం మీద నువ్వూ, నీ రొయ్యల పడవ వాళ్లూ క్షేమమని తలుస్తాను. కరుంబా రేవులో నువ్వు పోస్టు చేసిన ఉత్తరం అందింది. జవాబు ఆలస్యమైంది. ఎందుకైందో కూడా ఇందులోనే రాస్తాను. నువ్వడిగినవాటిలో ఏదీ వదలకుండా వరసగా చెప్పనీ, లేకపోతే నాకు తోచదు.

నా మణికట్టు అతికింది. పిండి పిసకగలుగుతున్నాను. మబ్బు పట్టినప్పుడు మాత్రం లోపల సలుపుతుంది.

ఇక గురక సంగతి. నీ గురకకి పడవంతా తిడుతోందనీ, పొద్దున లేస్తే తల దిమ్ముగా ఉంటోందనీ రాశావు. పరీక్ష చేయించుకో. మీ నాన్నకి వచ్చిన జబ్బే కావచ్చు, నిద్రలో ఊపిరి ఆగి మళ్లీ అందుకునే జబ్బు. దానికి రాత్రిళ్లు మిషనుకి గొట్టంతో తగిలించిన మాస్కు ముఖానికి పెట్టుకుని పడుకోవాలి. మిషను ఎవరిదైనా ఒకటే, గాలి ఊదుతుంది. తేడా అంతా మాస్కులో ఉంది. సరైన మాస్కు దొరికేదాకా మేం పడ్డ పాట్లు చెబితే నీకు పనికొస్తాయి.

నింగన్ ఆసుపత్రికి సినా అని ఒక నర్సు వస్తుంది, సమోవా మనిషి. పెట్టె నిండా మాస్కులు తెస్తుంది. మీ నాన్న తన అలవాటు ప్రకారం బూట్లు చాచి కూర్చున్నాడు.

"నిద్రలో మీ నోరు తెరుచుకుంటుందా డారిల్?" అంది సినా.

"లేదు" అన్నాడు.

"తెరుచుకుంటుంది" అన్నాను నేను.

"నిన్నడగలేదు" అన్నాడు నాతో.

"పడుకున్న మనిషి తనని తాను చూసుకోలేడు కదండీ. ఆవిణ్ణే అడగాలి" అంది సినా నవ్వుతూ. ఆ రోజు మీ నాన్న కూడా నవ్వాడు. ఆ గడ్డం తీసేస్తే మాస్కు బాగా అతుక్కుంటుందని సినా అంటే, "ఉన్ని కత్తిరించేవాణ్ణే కత్తిరిస్తారా?" అన్నాడు. గడ్డం ఉంచుకున్నాడు.

మొదటిది ముక్కునీ నోటినీ కలిపి కప్పే పెద్ద మాస్కు. గడ్డం సందుల్లోంచి గాలి ఈల వేసుకుంటూ పోయేది. పట్టీలు బిగించేకొద్దీ బుగ్గలు కోసుకునేవి గానీ ఈల ఆగేది కాదు. ఒక పొద్దున దాన్ని వంటింట్లోకి తెచ్చి నేల మీద పడేసి బూటు మడమతో తొక్కాడు. గొర్రె పుర్రె పగిలినట్టు చప్పుడైంది. తరవాత మిషను ఎత్తి గోడకేసి కొట్టాడు. సున్నం పెచ్చులు ఊడి నా గిన్నెల్లో పడ్డాయి. "ఈ ఇంట్లో నన్ను ఊపిరి పీల్చుకోనివ్వరా?" అని అరిచాడు.

నాకు కోపం రాలేదు. గొర్రెల్ని మందునీళ్ల తొట్టిలో ముంచడం నువ్వూ చేశావుగా. కొక్కెపు కర్రతో తల నీళ్లలోకి తొయ్యగానే అది పైకి లేచి పిచ్చిగా తన్నుకుంటుంది. దగ్గరున్నవాడి పక్కటెముక విరిగితే ఎవరూ గొర్రెని తప్పు పట్టరు. ఊపిరాడని మనిషీ అంతే అనుకున్నాను. ఉన్ని షెడ్డులో మీ నాన్న నిన్ను కింద పడేసి మెడ మీద మోకాలు పెట్టినప్పుడూ, నువ్వు అతన్ని తలుపుకేసి కొట్టి ఇల్లు వదిలి వెళ్లినప్పుడూ నేను అనుకున్నది అదే. పాపం, నిద్ర లేదు. నీకూ అలాగే రాశాను.

మిషను బాగు చేయించాక రెండోది తెచ్చాం, ముక్కు మీద మాత్రమే కూర్చునే మాస్కు. ముక్కు దూలం మీద పుండు పడింది. ఇక్కడ నేనొక తెలివితక్కువ పని చేశాను. గొర్రెల వాళ్ల ఇంట్లో ఏ పుండుకైనా ఉన్నిలోంచి తీసిన కొవ్వే కదా మందు. మీ నాన్న చేతులకీ, నీ మోకాళ్లకీ, ఆవు పొదుగుకీ అన్నింటికీ అదే. పుండుకి రాసి, ఊరుకోక మాస్కు అంచు చుట్టూ కూడా పట్టించాను. దెబ్బకి అది చేపలా జారడం మొదలెట్టింది. కొన్నాళ్లకి మెత్తటి అంచు ఉబ్బి వంకర తిరిగింది. గాలంతా కళ్లలోకి కొట్టేది. సినా దాన్ని చేతిలోకి తీసుకుని వాసన చూసి, "ఇది మాస్కా, గొర్రెపిల్లా నోలా?" అంది. నూనె, కొవ్వు, క్రీము ఏదీ తగలనివ్వకు. గోరువెచ్చటి నీళ్లు, కాస్త సబ్బు, నీడలో ఆరబెట్టడం, అంతే.

మూడోది సరిపోయింది. ముక్కు రంధ్రాల దగ్గర ఆనుకునే రెండు చిన్న మెత్తలు, అంతే. దూలం మీద ఏమీ ఉండదు, గడ్డంతో పేచీ లేదు. నోరు తెరుచుకోకుండా దవడ కింద నుంచి ఒక పట్టీ. పట్టీ ఒరుసుకోకుండా పాత గొర్రెచర్మం ముక్కలు కోసి తొడుగులు కుట్టాను. సినా చూసి తన రోగులకీ కుట్టి పెట్టమంది. నువ్వు వెళ్లినప్పుడు కుర్చీలో కూర్చుని మాస్కు ఎంచుకోకు. మంచం ఎక్కి, మిషను ఆన్ చేయించి, నువ్వు పడుకునే వైపుకే తిరిగి చూడు. గాలి పోతుంటే ముందు పట్టీ బిగించకు, అంచు సర్దు. బిగించాల్సి వస్తోందంటే అది నీ కొలత కాదు.

మీ నాన్న గురక ఆగిపోయింది. ఇల్లు అంత నిశ్శబ్దంగా ఉంటుందని నాకు తెలియదు. కళ్ల కింద వాపు తగ్గింది. డాక్టరు సరేనన్నాక, జబ్బు వల్ల ఆపేసిన గొర్రెల లారీ మళ్లీ తోలడానికి వెళ్లాడు. పాటలు కూనిరాగం తీసేవాడు. డబ్బో ఊరి నుంచి మీ కోలీనత్త ఫోన్ చేసి, "మా తమ్ముడి గురక ఆగిందా? అయితే నింగన్ వాళ్లు రైళ్లు రద్దయ్యాయనుకుంటారే" అంది. నేను నవ్వి నవ్వి కుర్చీలో కూలబడ్డాను. గెలిచాననుకున్నాను బాబూ. జబ్బు పోయింది, ఇక నా కొడుకు ఇంటికొస్తాడు అనుకున్నాను.

నీ ఉత్తరం ఆ రోజుల్లోనే వచ్చింది.

మర్నాడు పొద్దున మీ నాన్న తనంతట తానే లేచి వచ్చాడు. బుగ్గ మీద పట్టీ చార. బయట గలా చిలకలు గింజల కోసం గోల చేస్తున్నాయి. వేయించిన గుడ్లు పెట్టి, టీ పోసి చెప్పాను: "జారెడ్ ఈస్టరుకి వస్తాడట. నీ చెయ్యి పట్టుకుని తప్పయిందంటాడట."

"ఎవరికి రాశాడు?"

"నాకు."

"ఇల్లు నాది. ఉత్తరం నీకా?"

"ఇద్దరికీ కలిపే అనుకో డారిల్."

అప్పుడు మీ నాన్న టీ కప్పు కింద పెట్టాడు. ఊరికే పెట్టలేదు. సాసరు నడిమధ్యన పెట్టి, తగిలి ఒలకకుండా దాన్ని బల్ల లోపలికి జరిపాడు. తరవాత లేచి వచ్చి నా నోటి మీద గుద్దాడు. పడబోతుంటే జుట్టు పట్టుకుని ఇనప పొయ్యి తలుపుకేసి తల మోదాడు. ముందు పళ్లు రెండు పోయాయి. టిల్లీ అతని పిక్క పట్టుకుంది. దాన్ని తన్నిన తన్నుకి గోడకి తగిలి పడింది. అంత కొట్టినా అతనికి ఆయాసం లేదు జారెడ్. ఊపిరి ఎక్కడా తప్పలేదు. బాగా నిద్రపోయిన మనిషి దెబ్బ ఎంత బలంగా ఉంటుందో నాకు ఆ పొద్దున తెలిసింది. కొట్టడం అయ్యాక వెళ్లి కూర్చుని టీ అందుకున్నాడు. ఇంకా వేడిగానే ఉంది, ఊదుకుంటున్నాడు.

నేల మీద పడి ఆ కప్పునే చూశాను. తొట్టిలో గొర్రె ఏ కప్పూ కింద పెట్టదు.

మణికట్టు సంగతి అప్పుడు గుర్తొచ్చింది. ఆదివారం మధ్యాహ్నం మీ నాన్న సోఫాలో కునుకు తీస్తుంటే మాస్కు పట్టీ సర్దబోయాననీ, నిద్రలో చెయ్యి విసిరితే విరిగిందనీ నీకు రాశాను. అతను కళ్లు తెరిచాడు జారెడ్. నన్ను చూశాడు. చూశాకే పట్టుకుని మెలితిప్పాడు. నిద్రేలే అని నాకు నేనే చెప్పుకుని, నీకూ అదే రాశాను.

ఇంకొకటి ఉంది. ఇది మీ అత్తకి తప్ప ఎవరికీ తెలియదు. గోడకి మీ తాత ఉన్ని కత్తెర వేలాడుతుంటుంది కదా, పదును తగ్గనివ్వకుండా ఉంచేది. లేచి అది తీశాను. మీ నాన్న వెనక నుంచి వెళ్లి, దాని మొనలు గడ్డం కింద మెడకి ఆనించాను. వెంట్రుకలు కొన్ని తెగి టీలో పడ్డాయి. కోసేసేదాన్నే. చెయ్యి వణకలేదు, అదే నాకు భయం వేసింది.

"నోలా" అన్నాడు. అంత మెత్తగా నన్నెప్పుడూ పిలవలేదు.

"కప్పు కింద పెట్టకు డారిల్. రెండు చేతులతో పట్టుకో" అన్నాను. "నేను వెళ్లేదాకా అది కింద పెట్టావంటే తిరిగొచ్చి కోస్తాను."

పట్టుకున్నాడు. రెండు చేతులతో, చర్చిలో పిల్లాడిలా. నేను టిల్లీని ఎత్తుకుని, కత్తెర పట్టుకునే వెనక్కి నడుచుకుంటూ బయటికొచ్చి, కారెక్కాను. గేటు దగ్గర తిరిగి చూస్తే కిటికీలోంచి కనిపించాడు, ఇంకా అలాగే పట్టుకుని ఉన్నాడు. మాస్కు కడిగి ఆరేసి ఉంది. అది అతనికి సరిపోయింది, అతని దగ్గరే ఉండనీ.

ఇప్పుడు డబ్బోలో మీ కోలీనత్త ఇంట్లో ఉన్నాను. పోలీసు స్టేషనుకి తనే తీసుకెళ్లింది. సొంత తమ్ముడి మీద ఎలా చెబుతావు వదినా అని నేనంటే, "నోర్ముయ్యవే, ఉన్న పళ్లయినా కాపాడుకో" అంది. "మా అమ్మ కూడా ఇంతే. వాడు నా చెయ్యి విరిస్తే 'కడుపులో పురుగులు, పాపం' అనేది. కుక్కపిల్లని బావిలో వేస్తే 'పన్ను నొప్పి, పాపం' అనేది. ఇప్పుడు నువ్వొచ్చి గురక కనిపెట్టావు."

టిల్లీ కుంటుతోంది గానీ తింటోంది.

ఇక చివరిది, నువ్వు అన్నింటికన్నా చిన్నగా రాసింది. వల లాగేచోట కోపం పట్టలేక నీతో పనిచేసే వేన్ దవడ పగలగొట్టాననీ, నిద్ర లేక నాన్నకి వచ్చినట్టే నీకూ వస్తోందేమోననీ, మాస్కు పెట్టుకుంటే పోతుందా అనీ అడిగావు. గురక పోతుంది. తలదిమ్ము పోతుంది. మాస్కు పనిచేసేది అంతవరకే. మీ నాన్న దగ్గరికి తప్పయిందని వెళ్లకు, కొట్టడానికీ వెళ్లకు. ముందు వేన్ దగ్గరికి వెళ్లు. నిద్ర లేదని మాత్రం వాడితో అనకు. వాడు గంజి తాగుతున్నన్నాళ్లూ వాడి వంతు పని నువ్వు చెయ్యి. ఈస్టరుకి డబ్బో రా, మీ అత్త మాంసం కాలుస్తుందట, నాకు మాత్రం మెత్తగా.

వచ్చేలోగా ఒక్క మాటకి జవాబు రాయి. బాగా గుర్తు తెచ్చుకుని, నాకు అబద్ధం చెప్పకుండా రాయి. వేన్‌ని కొట్టే ముందు నీ చేతిలో ఏముంది బాబూ? దాన్ని ఎక్కడ పెట్టావు?

ఇట్లు,
నీ జవాబు కోసం చూసే
మీ అమ్మ