విజయమ్మ మోకాళ్ళు

మే 6, లిమా
చేరాను. మూడు విమానాలు, ఒక పగలూ ఒక రాత్రీ ఎటు పోయాయో. హాస్టల్ గదిలో ఎనిమిది మంచాలు, నాది పైది. నిచ్చెన ఎక్కుతుంటే కింద మంచం జర్మనీ పిల్ల నవ్వింది. నవ్వితే నవ్వనీ. ముప్పై ఆరేళ్ళకు మొదటిసారి ఒక్కదాన్నే ఇంత దూరం వచ్చినదాన్ని, నిచ్చెన ఎక్కలేనా!

అమ్మ ఫోన్. ఇక్కడ పొద్దున ఎనిమిది, ఇంటి దగ్గర, మట్టెవాడలో, సాయంత్రం ఆరున్నర. "మీ గ్రూపోళ్ళు అందరు మంచిగ దిగిన్రా?" పన్నెండు మందిమీ క్షేమం అన్నాను. గ్రూపు లేదు, గీపు లేదు. ఒక్కదాన్నే అంటే గడప దాటనిచ్చేదా?

"తెలుగోళ్ళు ఎవరన్న ఉన్నరా?"

ఉన్నారన్నాను. కరీంనగర్ టీచరమ్మ, రిటైరైంది. పేరు... విజయమ్మ. నోటికి అదే వచ్చింది.

మే 7
వాన రాదు, ఎండ రాదు. మే నెలలో స్వెట్టర్! వ్యాను తలుపు పట్టుకుని వేలాడుతూ అరుస్తున్నాడు కండక్టరు — ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఎక్కేశాను. తప్పు వ్యాను. దిగితే సముద్రం. రెండు గంటలు కూర్చున్నాను. "ఇగ పోదామా" అనేవాళ్ళు లేరు. అబ్బ, ఎంత హాయి.

మే 8
విజయమ్మను వీడియోలో చూపించమంది అమ్మ. మోకాళ్ళ నొప్పులు, పడుకుందన్నాను. "అయ్యో పాపం. నువ్వుల నూనె జర వేడి చేసి రాయి. పెద్దామె గద." రాస్తానన్నాను. సిగ్గులేదు నాకు.

మే 9
"ఆమెకెట్లున్నది?" ఫోన్ ఎత్తగానే ఇదే.
తగ్గిందమ్మా, నడుస్తాంది.

మే 10
ఈరోజు తన్నులు తప్పాయి.

మార్కెట్లో ఎండుమిర్చి బస్తాలు. ఎర్రవి, నల్లవి, పసుపువి... ప్రాణం లేచొచ్చింది. ఆలోచించనే లేదు. మోచేతి దాకా చెయ్యి దూర్చి అడుగు నుంచి గుప్పెడు తీశాను. పిడికిట్లో నొక్కాను, చెవి దగ్గర ఆడించాను, రెండు విరిచి వాసన చూశాను. నాన్న పోయాక మా మిర్చి దుకాణం నా చేతికొచ్చిన దగ్గర్నుంచీ మిర్చి యార్డులో రోజూ చేసే పనే. పైసరుకు చూసి కొనేదెవరు? ఇక్కడ అలా కాదట. దుకాణం ఆమె లేచి నా చేతి మీద ఫట్‌మని ఒకటి వేసింది. అరుపులు. జనం. నాకొచ్చిన స్పానిష్ ఒక్కటే — గ్రాసియాస్. తిడుతుంటే థాంక్స్ చెప్పాను! ఇంకా తిట్టింది. చుట్టూ చూశాను. నా తరఫున మాట్లాడే మనిషంటూ లేదు.

ఫోన్ తీసి ఫొటో చూపించాను. యార్డు నిండా మిర్చి బస్తాలు, నడుమ నేను. పెద్దది చేసి చూసింది. పక్క దుకాణాలవాళ్ళను పిలిచి చూపించింది. స్టూల్ వేసింది. ఉడికించిన మక్కకంకి చేతిలో పెట్టింది — ఒక్కో గింజ రేగుపండంత! చివరికి తనే బస్తా అడుగు నుంచి గుప్పెడు తీసి నా ముక్కు దగ్గర పెట్టింది. అడుగున కూడా మంచి సరుకే. పేరు ఎల్సా. అరకిలో కొన్నాను. నవ్వీ నవ్వీ కడుపు నొప్పి.

మే 11
ఎల్సా ముచ్చటంతా అమ్మకు చెప్పాను. పడీ పడీ నవ్వింది. ఉన్నట్టుండి ఆగింది.

"మరి ఆమె నిన్ను కొడుతాంటె విజయమ్మ ఎటు పోయింది? గ్రూపోళ్ళందరు చూసుకుంట నిలబడ్డరా?"

బస్సులో ఉన్నారని చెప్పొచ్చు. నాలుక చివర దాకా వచ్చింది. చెప్పబుద్ధి కాలేదు. నిన్న భయపడిందీ నేనే, బయటపడిందీ నేనే.

"విజయమ్మ లేదమ్మా. ఎవ్వరు లేరు. నేనొక్కదాన్నే వచ్చిన."

తిడుతుందనుకున్నాను. వెనక్కి రమ్మంటుందనుకున్నాను.

"ఆమె మోకాళ్ళు తక్కువైతె ఒడిబియ్యం పోస్తనని భద్రకాళమ్మకు మొక్కిన. నడుస్తాందంటివి గద... ఇయ్యాల పొద్దుగాల్నే పోయి పోసొచ్చిన. విజయమ్మ పేరు మీద. ఇప్పుడు అమ్మవారికి ఏమని చెప్పాలె నేను?"

పెట్టేసింది.

మే 12
ఎనిమిదైంది. ఫోన్ రాలేదు. తొమ్మిది. ఏడ్చాను. ఊరూ పేరూ లేని మనిషి కోసం గుడి దాకా నడిచింది మా అమ్మ.

ఏడ్చాక ఆకలి. హాస్టల్ వంటింట్లో ఎల్సా మిర్చితో పచ్చడి నూరాను. జర్మనీ పిల్ల వేలితో నాకి రెండు గ్లాసుల నీళ్ళు తాగి మళ్ళీ చెయ్యి చాపింది.

తిరుగు విమానానికి ఇంకా పదమూడు రోజులు. కొండల మీది ఊరికి సాయంత్రం బస్సు ఉంది. టికెట్ కొనలేదు. కొనాలనే ఉంది. చాలా ఉంది. వెనక్కి రమ్మంటే రానని చెప్పాలి, అంతే. అమ్మకు ఎన్నడైనా అలా చెప్పానా?

మోగుతోంది. అమ్మే. వీడియో. మొహమైనా కడుక్కోలేదు... ఎత్తుతున్నా—