మసక తీసేశాక

ఒరేయ్ తమ్ముడూ,

నువ్వు బొమ్మలు గీసిన ఆ వీడియో గేమ్ ఆడాం. ఏం మసకరా అది! హీరో తల తిప్పితే చాలు, ఊరంతా అలుక్కుపోతోంది. సూర్యుడొస్తే కళ్లు బైర్లు కమ్ముతున్నాయి. తెర మీద నువ్వు చల్లిన వాన చినుకుల్ని మీ బావ తువ్వాలుతో తుడిచీ తుడిచీ, చివరికి కళ్లజోడు మార్చుకొచ్చారు.

నిన్న ఆయన ఇంట్లో లేనప్పుడు సెట్టింగుల్లోకి వెళ్లి ఆ మాయలన్నీ ఆపేశాను. అంతా అద్దంలా కనిపించింది, కోట గుమ్మంలో అరిచే రాక్షసితో సహా. నా ముక్కు, దాని పక్కన నా పుట్టుమచ్చ, నడుం మీద చేతులేసుకుని నేను నిలబడే తీరు!

ఆ మసకంతా ఎందుకు పెట్టావో ఇప్పుడర్థమైంది. మళ్లీ అన్నీ ఆన్ చేసేశాను. సెట్టింగుల సంగతి మీ బావకి చెప్పావో, ఇంటికి రా, ఆ రాక్షసిని మసక లేకుండా చూపిస్తాను.

మీ అక్క