మీటరు కర్రతో కొలిచిన పొడవు

ఏవండీ,

గిన్నెలో పప్పుచారు ఉంది. వేడిచేసి సాయిశ్రీకి దగ్గరుండి అన్నం పెట్టండి. మీ మాట విన్నప్పటి నుంచి అది మజ్జిగ తాగి పడుకుంటోంది.

ఆదివారం మా తమ్ముడి ముందే "బీఎంఐ ఇరవై మూడు దాటింది, లావెక్కావు" అన్నారే, షాపులో గుడ్డ కొలిచే కర్రతోనా పిల్ల పొడవు చూసేది? అలవాటు కొద్దీ, గిరాకీలకి గుడ్డ కొలిచినట్టే మీటరు దగ్గర రెండు వేళ్ళ కొసరు వదిలేసి కొలిచారు. పొడవు తగ్గితే ఆ అంకె పెరగదూ? ఇవాళ టేపుతో నేను కొలిస్తే ఇరవై రెండే వచ్చింది. అయినా, ఎంత వస్తే మాత్రం ఎదిగిన పిల్లను నలుగురిలో అలా అంటారా?

కంకిపాడు పెళ్ళివాళ్ళకి చీరలు చూపించడానికి వెళ్తున్నాను. ఫోన్ చేయకండి.

నాగవేణి

ఊళ్ళోవాళ్ళకి ఎక్కువిచ్చే ఆ చెయ్యి కన్నకూతురికే తగ్గించింది. ఆ మాట దానికి మీ నోటితోనే చెప్పండి.