వాకిట్లో అధ్యక్ష కుర్చీ

మహారాజరాజశ్రీ గోదావరి జిల్లా కలెక్టరు దొరవారి సముఖమునకు, కాకినాడ.

వెలగతిప్ప యూనియను కాపురస్తుడు, మిడిల్ స్కూలు హెడ్మాస్టరు పని చేసి మానుకొన్నవాడు, ఈరంకి పేరయ్య వ్రాసుకొన్న అర్జీ. 1898 సంవత్సరము ఏప్రిల్ 16వ తేదీ.

అయ్యా,

విషయం: ఈ నెల 4వ తేదీన మా యూనియను పంచాయతీ సభ రెండు పక్షముల చేతిలోను లేక మూడవ పక్షపు చేతిలో నడిచిన సంగతి, ఆ సభలో మంజూరైన నుయ్యి, వేసవికి కాలువల నీళ్ళు కట్టివేయులోగా పూర్తికావలసిన అవసరము, ఆ సభను రద్దుచేయుడని తమకు ఇదివరకు చేరిన అర్జీ నమ్మదగినది కాదని మనవి.

1. మా పంచాయతీ అధ్యక్షులు జనవరిలో కాలము చేసిన తరువాత మిగిలిన సభ్యులు తొమ్మండుగురు. గ్రామ మునసబు పల్లంరాజు గారితో కలిపి ఆయన పక్షము నలుగురు. భూస్వామి దొరబాబుతో కలిపి అతని పక్షము నలుగురు. పదకొండేళ్ళుగా ఈ ఇరువురును ఒకరు ఔనన్నదానిని ఒకరు కాదనుచున్నారు. తొమ్మిదవవాడు ఆశీర్వాదం, కాలువగట్టు పేటలోని మిషను బడి పంతులు. తమకు ముందున్న దొరవారు ఇతనిని నియమించి, బదిలీ అయి వెళ్ళిపోయినారు. ఆ పేటవారు ఊరి చెరువు ముట్టరాదు. అందుచేత ఇతడు సభ్యుడే అయినను సభ్యులతో జంబుఖానా మీద కూర్చొనడు. సత్రపు అరుగు క్రింద, చూరు నీడలో, మూడేళ్ళుగా నిలబడి సభ చూచి పోవుచున్నాడు. నోరు విప్పగా నేను వినలేదు. నోరు విప్పనివానిని గూర్చి నాకు మొదటినుండియు అనుమానమే.

2. నేను నలభై ఏళ్ళుగా ఇంగ్లీషు పత్రికలు చదువుచున్నవాడను. లండను పార్లమెంటులో పెద్ద పక్షములు రెండును దాదాపు సమానమైనప్పుడు ఐర్లండు సభ్యులు మధ్యలో నిలబడి ఆ రెంటినీ ఎట్లు నడిపించినారో పన్నెండేళ్ళ క్రిందట వరుసగా చదివినాను. ఈ తెగులు మా ఊరికి ఎప్పుడు దిగునా అని కనిపెట్టుకొని ఉన్నాను. ఏప్రిల్ 4వ తేదీన దిగినది.

3. ఆనాటి పని కొత్త అధ్యక్షుని ఎన్నుకొనుట. ఆ ఎన్నిక జరిపించుటకు ఆ పూటకు ఎవరో ఒకరు కుర్చీలో కూర్చొనవలెను. రాజుగారు కూర్చొనుటకు దొరబాబు ఒప్పలేదు. దొరబాబు కూర్చొనుటకు రాజుగారు ఒప్పలేదు. గంటన్నర గడిచినది. నేను వీధి జనములో నిలబడి చూచినాను.

"పోనీ, ఈ పూటకి ఆశీర్వాదాన్ని కూకోబెట్టండి," అన్నాడు దొరబాబు. "ఆడు మీ వోడూ కాదు, మా వోడూ కాదు."

"బానే ఉంది. కుర్చీ అరుగు మీద ఎలా వేస్తావయ్యా?"

"అరుగు మీదెందుకండి రాజుగారూ. వాకిట్లోకి దింపించండి."

తమవంటి దొరలు వచ్చినప్పుడు వేయుటకు యూనియను కొన్నది ఒక్కటే కుర్చీ. దానిని వాకిట్లోకి దింపినారు. ఎనమండుగురు సభ్యులు అరుగు మీద నీడలో, అధ్యక్షుడు క్రింద ఎండలో. ఎవరికిని తప్పు తోచలేదు. పైగా ఇరుపక్షములవారును నవ్వుకొన్నారు.

తరువాత జరిగినదంతయు ఆచారము చేసిన పని. అతని చేతికి కాగితము ఎవరును ఇవ్వరు. అరుగు అంచున పెట్టి వెనుకకు జరుగుదురు, అప్పుడతడు తీసుకొనును. ఇరుపక్షముల తీర్మానములును, సభ సంగతులు వ్రాయు మినిట్సు పుస్తకమును ఆ విధముగానే అంచునకు వచ్చినవి. అతడు అన్నిటిని తీసి ఒడిలో పెట్టుకొన్నాడు. అతడు ముట్టిన కాగితమును మరల లాగుకొన్నవాడు ఇంటికి పోయి స్నానము చేసి రావలెను. స్నానమునకు లేచినవాని పక్షము ముగ్గురికి పడిపోవును. ఈ లెక్క ఇరువురు నాయకులకును ఒక్కసారే తెలిసినది. ఎవడును కదలలేదు.

"రెండు కాగితాలూ చదువుతానండి," అన్నాడు ఆశీర్వాదం. అతని గొంతు చిన్నది కాదు. "ముందు నాదొకటి ఉందండి. కాలవ కట్టేసేలోగా మా పేటలో ఒక నుయ్యి. దీనికి ఎవరు చెయ్యెత్తితే వారి కాగితం ఆ వెనకాలే తీస్తానండి."

దొరబాబు చెయ్యెత్తినాడు. అది చూచి రాజుగారు రెండు చేతులు ఎత్తినారు. ఆ వెంట మిగిలిన ఆరుగురును ఎత్తినారు. మా సభలో ఏకగ్రీవముగా జరిగిన పని, నేనెరిగినంతవరకు, అదొక్కటే.

తరువాత అన్నమాట ప్రకారము రెండు కాగితములును చదివినాడు. ఒకటి దొరబాబును అధ్యక్షుని చేయవలెనని, ఒకటి పల్లంరాజు గారిని చేయవలెనని. దేనికైనను నలుగురే, ఎదురు నలుగురే.

"నీ వోటేదిరా?" అన్నాడు దొరబాబు.

"ఇవాళ వెయ్యనండి. రెండూ వచ్చే సభకి పెడదామండి. అందాకా కుర్చీ ఇక్కడే ఉంటది కదండీ," అని పుస్తకము చంకన పెట్టుకొని వెళ్ళిపోయినాడు.

4. మరునాటి ఉదయము దొరబాబును, పల్లంరాజు గారును కలిసి మా ఇంటికి వచ్చినారు. ఇరువురును నా శిష్యులే. దొరబాబు నాలుగవ తరగతి రెండుసార్లు చదివినాడు. రాజుగారు ఒక్కసారే చదివినారు గాని పూర్తిచేయలేదు. ఐదేళ్ళ క్రిందట నేను పంచాయతీలో సభ్యుడనై, ప్రతి సభలోను చట్టము పుస్తకము తెరిచి చదువుచుంటినని, నన్ను తొలగించుటకు మాత్రము ఇరువురును ఏకమైనారు. ఆ సంగతి వారు మరచినట్లున్నారు. నేను మరువలేదు.

"మేష్టారూ, తమరి చెయ్యి పడాలండి," అన్నాడు దొరబాబు. "నిన్నటిది సభే కాదని రాసిపెట్టండి."

"ఎందుకు కాదు?"

"అది తమరు చెప్పాలండి. మాకే తెలిస్తే తమరి దాకా ఎందుకొస్తాం."

"ఆశీర్వాదాన్ని తీయించేస్తే ఆ తొమ్మిదో చోటు తమరిదే కదండీ," అన్నారు రాజుగారు.

నేను చట్టము పుస్తకము తిరగవేసి కారణము కనిపెట్టినాను. సభ జరిగినది అరుగు మీద, అధ్యక్షుడున్నది వాకిట్లో, కనుక సభలో అధ్యక్షుడు లేడు, అధ్యక్షుడు లేని సభ సభ కాదు. అంత చక్కని వాదము ఈ తాలూకాలో మరియొకడు వ్రాయలేడని ఇప్పటికిని నా నమ్మకము. ఏప్రిల్ 6వ తేదీగల ఆ అర్జీ, ఎనిమిది సంతకములు గలది, తమ ఆఫీసులో ఉండును. దస్తూరి నాదే. దీనితో పోల్చి చూచుకొనవచ్చును.

ఆ అర్జీ పంపిన రోజుననే మునసబు హోదాలో పల్లంరాజు గారు పేటకు మనిషిని పంపి, తమ ఉత్తరువు వచ్చువరకు నుయ్యి త్రవ్వరాదని ఆపించినారు. అప్పటికి నూతిలో దింపవలసిన పన్నెండు మట్టి ఒరలలో నాలుగు దిగినవి. మట్టి తడిగా వచ్చుచున్నది.

5. ఆ పైన నాకు నిద్ర చెడినది. పదకొండేళ్ళు కొట్టుకొన్న ఇద్దరు ఒక్క కాగితము మీద సంతకము చేసినారనగా వారిని ఎవరో ఆడించుచుండవలెను. ఆశీర్వాదాన్ని ముందుపెట్టి వెనుకనుండి నడిపించుచున్నది ఎవరు? కనుగొనవలెనని 14వ తేదీన కాలువగట్టు పేటకు పోయినాను. ఆగిన నూతి దగ్గర, మట్టికుప్ప మీద, దీనమ్మ అను ముసలిది కూర్చొని ఉన్నది.

"ఈ నుయ్యి సంగతి మీ పంతులికి ఎవరు చెప్పారు?" అని అడిగినాను.

"చెప్పడమేంటండి బాబూ. కాలవ కట్టేత్తే మీకు చెరువుందండి. మేం చెరువు గట్టు కింద కడవలెట్టుకుని కూకోవాలండి. ఎవరో ఒకరు దిగొచ్చి పోత్తే నీళ్ళు."

"పొయ్యరా?"

"పోత్తారండి, ఆళ్ళ పనయ్యాక. పోయినేడు మూడ్రోజులు ఎవరి పనీ అవలేదండి. కాలవలో గుంటల్లో మిగిలిన నీళ్ళు తాగాం. వాంతులూ భేదులూ పట్టుకున్నాయి. మా మనవరాలు దేవకుమారి పోయిందండి. ఎనిమిదేళ్ళది."

ఆమె కండ్లకు చేయి అడ్డముపెట్టి నన్ను పరికించి చూచినది.

"తమరు మేష్టారు కదండీ. అమ్మగారున్నన్నాళ్ళూ మాకీ బాధ లేదండి. తన బిందె ముంచుకునే ముందు మాకు నాలుగు కడవలు పోసేవారు. రోజూనండి. మళ్ళీ అలాటి తల్లి రాలేదు."

నా భార్య అప్పాయమ్మ పోయి రెండేళ్ళైనది. వేసవి వచ్చినదనగా ఆమె చెరువునుండి ఆలస్యముగా వచ్చెడిది. రాజుగారి ఇంటి ఆడవారితో కూర్చొని నా సంగతులు చెప్పుచున్నదని నేను అనుమానించినాను. ఒక వేసవి మొత్తము ఆమెతో మాటలాడలేదు. ఆలస్యమెందుకైనదని నేనెన్నడును అడగలేదు. ఎవరితో మాటలాడి వచ్చుచున్నావనియే అడిగినాను. దానికి ఆమె జవాబు చెప్పలేదు. ఇది ఈ అర్జీకి సంబంధించినది కాదు. కొట్టివేయవలెననుకొన్నాను గాని, కొట్టివేతలున్న కాగితము తమ ఆఫీసువారు తిప్పి పంపుదురని ఉంచినాను.

6. అక్కడనుండి బడికి పోయి ఆశీర్వాదాన్ని బయటకు పిలిచినాను.

"నీ వెనకాల ఎవరున్నారు?"

"ఇప్పుడాండి? రెండో తరగతండి."

"వేళాకోళం కాదు. నువ్వు దొరబాబు మనిషివా, రాజుగారి మనిషివా?"

"సభకి ముందు ఇద్దరూ కబురంపారండి. ఇద్దరి మాటా విన్నానండి."

"ఇద్దరికీ ఒప్పుకున్నావా?"

"ఏదీ ఒప్పుకోలేదండి. ఆళ్ళే ఒప్పుకున్నాననుకున్నారు. ఎదురు చెప్పని వోణ్ణి ఇన్నాళ్ళూ చూశారు కదండీ."

"నుయ్యి పడ్డాక ఏం అడుగుతావు?"

"ఏం అడగనండి. కుర్చీ ఇచ్చేస్తాను. బడిమానేసి ఎండలో కూకోడం నాకు మాత్రం సరదా ఏంటండి?"

ఈ జవాబులు నేను పూర్తిగా నమ్మలేదు. ఒక్క నుయ్యి తప్ప మరేమియు కోరని మనిషి ఉండునని నాకు ఇంతవరకు అనుభవము లేదు. రెండు రోజులు వెదకినాను. అతని వెనుక ఎవరును దొరకలేదు. దొరకినచో తమకు వెంటనే వ్రాయుదును.

7. ఇక 6వ తేదీ అర్జీని గూర్చి. కుర్చీ వాకిట్లో ఉన్నది గనుక సభ చెల్లదనుట అబద్ధము. కుర్చీ తనంతట తాను దిగలేదు. ఆ ఎనమండుగురే దింపించినారు. అధ్యక్షుడు ఎక్కడ కూర్చొనెనో అక్కడకు సభ పోవలెను గాని, సభకు దూరముగా అధ్యక్షుని కూర్చోబెట్టి, దూరముగా ఉన్నాడని ఫిర్యాదు చేయుట న్యాయము కాదు. చట్టములో అధ్యక్షునికి అరుగు ఉండవలెనని ఎక్కడను లేదు. నేను మూడుసార్లు చూచినాను. వ్రాసిన రోజుననే చూచియుంటిని. ఆ అర్జీ వ్రాసినవాడు తొమ్మిదవ చోటు ఆశించి వ్రాసినాడు. ఈ సంగతికి నాకంటె మంచి సాక్షి దొరకడు.

8. సభ రద్దైనచో తిరిగి సభ కూర్చవలెను. దానికి నోటీసు, ఆ నోటీసుకు గడువు, ఆ గడువుకు ఒక పక్షము అభ్యంతరము. జూను వచ్చును. కాలువలలో నీళ్ళు వచ్చును. ఇక నుయ్యి ఎందుకని ఇద్దరును అందురు. అప్పుడు మరియొకసారి ఏకగ్రీవమగును. ధవళేశ్వరము ఆనకట్ట తలుపులు దింపి కాలువలు కట్టివేయునది మే నెల 1వ తేదీన అని ఇంజనీరు వారి నోటీసు మా సత్రపు గోడకు అంటించి ఉన్నది. నేటికి పదిహేను రోజులు. మిగిలిన ఎనిమిది ఒరలు దింపుటకు ఐదు రోజులు చాలునని త్రవ్వుచున్నవారు చెప్పినారు.

కావున సభను రద్దుచేయక, పని ఆపరాదని మునసబుకు తక్షణమే తాకీదు పంపించవలెనని ప్రార్థన. నుయ్యి పడిన తరువాత ఆ సభను గూర్చియు, అందులోనివారిని గూర్చియు, కోరినచో నన్ను గూర్చియు ఎంత విచారణ అయినను జరిపించవచ్చును. నేను వచ్చి సాక్ష్యమిచ్చెదను. వ్రాసినది ఒక్కడే అయినను రెండు అర్జీలలో ఏది నిజమో తమరే చిత్తగించవలెను.

తమ విధేయుడు,
ఈరంకి పేరయ్య

మరొక మాట. మా ఊరి తపాలా దొరబాబు బావమరిది చూచును. కాకినాడ పడవ నడుపు సరంగు రాజుగారి మనిషి. నా కాళ్ళు కోరుకొండ గుడి మెట్లెక్కినప్పటి కాళ్ళు కావు. ఎంత ఆలోచించినను ఈ కాగితము తెచ్చుటకు ఆశీర్వాదం తప్ప మరియొకడు కనబడలేదు. పాతిక మైళ్ళు నడిచి అతడే తెచ్చుచున్నాడు. ఇందులో ఏమున్నదో చెప్పలేదు. మూడుచోట్ల లక్క ముద్ర వేసి, ప్రతి ముద్ర క్రిందను నా తల వెంట్రుక ఒకటి పెట్టినాను. ముద్రలు చెడినచో ఇతని విషయమై నా అనుమానములన్నియు నిజమనుకొనవలెను. చెడకుండ చేరినచో వెంట్రుకల సంగతి ఇతనికి తెలియనీయవద్దు. ఎండలు ముదిరినవి. తమ కచేరీలో నీళ్ళ కుండ ఎవరు ముట్టవచ్చునో, ఎవరు ముట్టరాదో నేనెరుగను. ముందు ఇతనికి దాహమిప్పించి, ముద్రలు తరువాత చూడవలెను.