నానమ్మ గడ్డం మీది సొట్ట

అనురాగ్,

లేవగానే ముందు గదిలో తాడుకు ఆరేసిన పోస్టర్ ప్రూఫ్ తీసి బీరువా మీద పరిచిపెట్టు. రంగు ఇంకా పచ్చిగా ఉంది, చుట్టకు. నానమ్మ గుడి నుంచి వచ్చేలోపే ఆ పని చెయ్యి.

నేను అంబర్‌పేట్ ప్రెస్‌కి పోతున్నా. అసలు కాపీలకు మిగతా రంగులు పడ్డాయి, నలుపు ఒక్కటే మిగిలింది. ముఖం గీతలన్నీ ఆ నలుపు రంగు అచ్చేసే రాయి మీదే ఉన్నాయి కాబట్టి ముందు దాన్ని ఆపించాలి.

తాత గీసిన సినిమా పోస్టర్‌ని ఉన్నదున్నట్టు మళ్ళీ రాయి మీద గీయమంటే, హీరోయిన్ గడ్డం మీది సొట్ట ఎందుకు తీసేశావురా? ఆమెకు సొట్ట లేదని తాతకూ తెలుసు. అది నానమ్మ సొట్ట. నిర్మాత తీసెయ్యమంటే "అయితే వేరేవాళ్ళతో గీయించుకోండి" అన్నాడట. నానమ్మ ఈ కథ చెప్పినప్పుడల్లా నువ్వు ఫోన్ చూసుకుంటూ కూర్చునేవాడివి. ఈ పోస్టర్ ఎప్పుడొస్తుందా అని ఆమె రోజూ అడుగుతోంది.

అన్నం కుక్కర్‌లో ఉంది.

అక్క

ఇంకో మాట. చెప్పులేసుకుంటుంటే నానమ్మ వచ్చేసింది, పోస్టర్ చూసేసింది. ఇక దాచేదేం లేదు. చాలాసేపు చూసి, "పెదవి పక్కన ఈ పుట్టుమచ్చ హీరోయిన్‌ది కాదు, నాది కాదు. వీడు కూడ తాత లెక్కనే తయారైండు. నా సొట్ట నాకు పెట్టుమను, ఆ పిల్ల మచ్చ తియ్యొద్దని చెప్పు" అంది.