సుస్త్ ఖోతిన్ చివరి చరణం

ఏప్రిల్ 2

ఇందుమూలంగా మా వీధిలోని సమస్త కోళ్లకూ, వాటి యజమానులకూ తెలియజేయునది ఏమనగా: నేటి సూర్యోదయం మొదలుకొని జుమాగుల్ అనబడే నేను పెంచుతున్న పుదీనా మడిలో కాలు పెట్టిన ప్రతి కోడికీ తోక ఈకలు పీకబడును. ఈ శాసనానికి తిరుగులేదు. సాక్షి: మా గాడిద.

దీన్ని బయటి గోడ మీద బొగ్గుతో రాసి వచ్చాను. స్కూల్లో టీ కాచేదాన్ని, ఏడో తరగతి రెండుసార్లు చదివినదాన్ని. అక్షరాలు గుండ్రంగానే వస్తాయి. మా ఆడపడుచు అంజిరత్ వదిన చదివి, వాన లేక గోధుమ మాడిపోతుంటే నీకు పుదీనా గోలేమిటే, యాభై రెండేళ్లొచ్చాయి సిగ్గులేదా అంది. సిగ్గుంటే మీ తమ్ముణ్ణి చేసుకునేదాన్నా అన్నాను. నవ్వబోయి ఇద్దరం ఆగాం. ఆయన పోయి ఆరేళ్లు.

ఏప్రిల్ 4

తాష్కెంట్ నుంచి ముఅత్తర్ అనే పిల్ల దిగింది. చేతిలో రికార్డర్, సంచీ నిండా బ్యాటరీలు, కాళ్లకు పెళ్లికి వేసుకునే బూట్లు. పాటలూ పండుగలూ పోకముందే పట్టి దాచాలట. వానను పిలిచే సుస్త్ ఖోతిన్ పాట మొత్తం మా అత్త కుమ్రీ మోమోకే వచ్చని విని వచ్చిందట.

విన్నది నిజమే. కాకపోతే ఐదేళ్లు ఆలస్యం. వాన పడని ఏట ఆడవాళ్లం కర్రబొమ్మకు ఊళ్లోకెల్లా పెద్ద ముసలామె గౌను తొడిగి ఇంటింటికీ తిప్పుతాం. ప్రతి గడపలోనూ దాని మీద నీళ్లు కుమ్మరిస్తారు. ఆఖరున ఏడో చరణం పాడి వాగులో వదులుతాం. ఆ చరణం పాడకుండా వదలకూడదు. అత్త దాన్ని మరిచిపోయిన ఏటి నుంచీ బొమ్మ మా గడ్డివాములోనే పడి ఉంది.

అత్తకు ఎనభై ఏడు. కూతుర్ని చూస్తే నా బంగారం అంటుంది. నన్ను చూస్తే, నువ్వు ఎవరింటి పిల్లవమ్మా అంటుంది. రోజూ మూత్రం దుప్పటి ఉతికేదాన్ని నేను. అందుకని పూటకో వేషం వేస్తాను. నిన్న పాల ఇన్‌స్పెక్టర్‌ని. ఇవాళ దొంగనండీ, మీ ఎండు ఆప్రికాట్లు ఎత్తుకుపోవడానికి వచ్చాను అన్నాను. కాసిని నాకూ ఉంచమ్మా అంది.

ఏప్రిల్ 5

అత్త పాడింది. ఆ బక్క మెడలోంచి అంత గొంతు ఎలా వస్తుందో. ఆరు చరణాలూ తడుముకోకుండా పాడింది. ఏడో దాని కోసం నోరు తెరిచింది. తెరిచిన నోరు తెరిచినట్టే ఉంది. ముఅత్తర్ రికార్డర్ ఆపలేదు. గోడ మీద ఈగ నడుస్తున్నది కూడా రికార్డయి ఉంటుంది.

పాత టేపులేమైనా ఉన్నాయా అక్కా అని అడిగింది. లేవన్నాను.

ఏప్రిల్ 5, సాయంత్రం ఆరు

ఉంది.

నేను కొత్త కోడలిగా ఉన్నప్పుడు బాయ్‌సున్ నుంచి ఒక మాస్టారు వచ్చి అత్త పాట క్యాసెట్‌లో పట్టి, అదే ఆమెకు ఇచ్చి పోయాడు. ఆమె దాన్ని పెళ్లినాటి రుమాల్లో చుట్టి పెట్టెలో దాచుకుంది. నాకు ఇరవయ్యేళ్లు, ఒళ్లంతా దురద. ఏడో చరణం ఉన్నచోట మా గాడిద ఓండ్ర రికార్డు చేశాను. చుట్టాలొచ్చిన రోజు అత్త నిటారుగా కూర్చుని టేపు పెట్టింది. ఆరు చరణాలు. తర్వాత గాడిద. అందరూ పొట్టలు పట్టుకున్నారు. అత్త నవ్వలేదు. తిట్టనూ లేదు. క్యాసెట్ తీసి మళ్లీ రుమాల్లో చుట్టింది.

పాట ఆమె నోట్లో భద్రంగా ఉంది కదా, గాడిద ఏం తినేసిందని అనుకున్నాను అప్పుడు.

ఏప్రిల్ 7

అత్త ముద్ద ముట్టడం లేదు. రొట్టె టీలో నానబెట్టి పెడితే పిల్లికి పెట్టమంది. మాకు పిల్లి లేదు.

ఏప్రిల్ 9

ముఅత్తర్ పన్నెండున వెళ్లిపోతుందట. అంజిరత్ వదినను కూర్చోబెట్టి అడిగింది. వదిన తల గోక్కుని, పుట్టినప్పట్నుంచీ విన్నానమ్మా, కానీ ఆఖరి చరణానికి అందరం నీళ్లు చల్లుకుని కేకలు పెట్టేవాళ్లం, అమ్మ ఏం పాడేదో ఎవడికి వినపడి చచ్చింది అంది. అడిగిన ప్రతి ముసలమ్మా అదే మాట. పోనీ ఆరుతోనే బొమ్మను వదిలేద్దాం అంది వదిన. ఎవరూ లేవలేదు.

ఇంటికొచ్చి రుమాలు విప్పి చూశాను. మళ్లీ కట్టేశాను.

ఏప్రిల్ 10, మధ్యాహ్నం

అత్త పాడింది! నేను మంచం పక్కన ఉన్నాను. నా చెయ్యి పట్టుకుంది. గొంతు సన్నగా ఉంది కానీ మాట స్పష్టం. మరిచిపోకముందే రాస్తున్నాను.

పుట్టిన పిల్లకు ఒక చుక్క
వచ్చిన పిల్లకు ఒక చుక్క
ఎవరింటి పిల్లని అడగకు వానా
తలుపు తీశాను, లోపలికి రా

పరుగున వెళ్లి ముఅత్తర్‌కు చెప్పాను. ఆ పిల్ల నా చేత మూడుసార్లు పాడించింది. ఫైలుకు కుమ్రీ మోమో, ఏడో చరణం అని పేరు పెట్టింది.

ఏప్రిల్ 11

బొమ్మను తిప్పాం. మగవాళ్లంతా లోపల కూర్చున్నారు. అత్త నీలం గౌను నేనే తొడిగాను. దానికి ఇంకా ఆమె వాసనే, సోంపూ పొగా కలిసిన వాసన. అంజిరత్ వదిన ఒక బిందె బొమ్మ మీద, ఒక బిందె నా మీద పోసింది. వాగు దగ్గర ఏడో చరణం పాడాను. ఈసారి ఒక్కరూ కేక పెట్టలేదు. అందరూ విన్నారు. గౌను ఉబ్బి, రాయికి తట్టుకుని, తిరిగి, పోయింది.

ఏప్రిల్ 14

అత్త పొద్దున పోయింది. వాన లేదు.

ఏప్రిల్ 17

ఏడ్చే ఆడవాళ్లంతా వెళ్లారు. దుప్పటి ఉతకబోయి చూశాను. పొడిగా ఉంది.

ఏప్రిల్ 23

వాన కాదు, వడగళ్లు. అంజిరత్ వదిన ఆప్రికాట్ పిందెలన్నీ రాలాయి. తలుపు తీశానని అంతలా పిలవమని ఎవరన్నారే అని నా మీద లేచింది. తర్వాత కూర్చుని టీ తాగి కళ్లు తుడుచుకుంది. ఇప్పుడు గుర్తొచ్చిందట. ఆ చరణం అమ్మ తనకు ఉయ్యాల్లో పాడేదట. వచ్చిన పిల్ల అనేచోట గొంతు దించేదట. అవును వదినా, అక్కడ దించేది అన్నాను.

స్కూల్లో ఆడపిల్లలు కుళాయి దగ్గర ఒకరి మీద ఒకరు నీళ్లు చల్లుకుంటూ అదే పాడుతున్నారు. టీ పొంగిపోయింది.

మే 2

పదో తేదీన రాసింది అబద్ధం. అత్త పాడలేదు. చరణం నేను కట్టింది. ఆ మధ్యాహ్నం ఆమె మంచినీళ్లు అడిగింది, ఇచ్చాను. తాగి, నువ్వు ఎవరింటి పిల్లవమ్మా అంది. ఆ పూట నాకు ఏ వేషమూ తోచలేదు.